మాఘ బహుళంలో కేకు

నోయిడాలో కాపురముండే తెలుగు ఇంటికి ఫిబ్రవరి ఎందుకంత ఇరుకో చెప్పాలంటే పంచాంగం నుంచి మొదలుపెట్టాలి. రోజులు తక్కువన్నది పెద్ద కారణం కాదు. పిల్లల పుట్టినరోజులు ఒక లెక్కన, పెద్దవాళ్లవి ఇంకో లెక్కన వస్తాయి. ఎదురింటివాళ్లది మూడో లెక్క.

2025నే తీసుకుందాం. జనవరి 29న అమావాస్య, మర్నాటి నుంచి మాఘ శుద్ధం. ఫిబ్రవరి 12న పౌర్ణమి దాకా మాకూ ఎదురింటి అలీగఢ్ వాళ్లకూ తగువు లేదు, అందరిదీ మాఘమే. 13న తెల్లారేసరికి వాళ్లు ఫాల్గుణంలోకి వెళ్లిపోయారు, మేం మాఘ బహుళంలోనే ఉండిపోయాం. మనకు నెల అమావాస్యతో ముగుస్తుంది, ఉత్తరాదిలో పౌర్ణమితో. అందుకే 26న వచ్చిన శివరాత్రి మనకు మాఘ బహుళ చతుర్దశి, వాళ్లకు ఫాల్గుణ కృష్ణ చతుర్దశి. ఉపవాసం ఒకరోజే కాబట్టి ఆకలిలో తేడా రాలేదు.

మా అత్తయ్య పుట్టింది మాఘ బహుళ ఏకాదశినాడు. తేదీ ఎవరూ రాసిపెట్టలేదు. ఆధార్ కార్డులో ఉన్నది బళ్లో చేర్చుకునేటప్పుడు మాస్టారు తోచినట్టు వేసినది. ఇంట్లో జరిపేది తిథే, అది ఒకచోట నిలవదు. చాంద్రమాన సంవత్సరానికి 354 రోజులే గనక తిథి ఏటా దాదాపు 11 రోజులు వెనక్కి జరుగుతుంది. రెండున్నరేళ్లు దాటాక ఒక అధికమాసం వచ్చి దాన్ని మళ్లీ ముందుకు తోస్తుంది. ఆ ఏకాదశి 2025లో ఫిబ్రవరి 24, 2026లో ఫిబ్రవరి 13. 2026లో అధిక జ్యేష్ఠం ఉంది కాబట్టి 2027లో ఏకంగా మార్చి 4. తిథీ తేదీ మళ్లీ ఒకచోటికి చేరడానికి 19 ఏళ్లు పడుతుంది. వీటికి తోడు అత్తయ్య ఏ ఏకాదశీ వదలకుండా ఉపవాసం ఉంటారు. అంటే పుట్టినరోజున ఆవిడ ఏమీ తినరు. కేకు ద్వాదశికి వాయిదా.

మావాడిది తేదీ లెక్క, ఫిబ్రవరి 9న. ఒకే నెలలో రెండు కేకులు, రెండూ గుడ్డు లేనివే, ఎందుకంటే అత్తయ్య గుడ్డు ముట్టరు. కేకులో గుడ్డు ముఖ్యంగా రెండు పనులు చేస్తుంది: గాలిని పట్టి ఉంచుతుంది, వేడికి గట్టిపడి కేకును నిలబెడుతుంది. రెండో పనిని మైదా చూసుకుంటుంది, కాకపోతే కాస్త తక్కువ సెగ మీద ఇంకొంచెం సేపు ఉంచాలి. మొదటిదానికి వంటసోడా, పెరుగు కావాలి. పెరుగులోని పులుపు సోడాతో కలిసి కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది, ఆ బుడగలకే పిండి పొంగుతుంది.

చిక్కు ఇక్కడే. పెరుగు తోడుకోవడానికి 40 డిగ్రీల చుట్టుపక్కల వేడి కావాలి. ఫిబ్రవరి మొదట్లో మా వంటింట్లో అందులో సగం కూడా ఉండదు. పెరుగు ఎలాగో తోడుకుంటుంది గాని పులవదు. కమ్మటి పెరుగు అన్నంలోకి మహ బాగుంటుంది, కేకుకు పనికిరాదు. పులుపు చాలకపోతే మిగిలిపోయిన సోడా కేకుకు సబ్బు రుచి తెస్తుంది, రంగు కూడా ముదురుతుంది. చెంచాడు నిమ్మరసమో వెనిగరో కలిపితే సరి. అత్తయ్య పద్ధతి వేరు: ఓవెన్ కొద్దిగా వెచ్చబెట్టి, ఆపేసి, పాలు తోడుపెట్టిన గిన్నెను రాత్రంతా అందులో ఉంచుతారు. బాగా పనిచేస్తుంది. పొద్దున్నే ఓవెన్ స్విచ్ వేసేవాళ్లు ముందు తలుపు తీసి చూడాలి, అంతే.

2025లో ఆ 9వ తేదీ ఆదివారం, భారత్ మండపంలో ప్రపంచ పుస్తక ప్రదర్శనకు ఆఖరిరోజు. బ్లూ లైన్‌లో సుప్రీంకోర్టు స్టేషన్‌లో దిగాలి. పాత పేరు ప్రగతి మైదాన్, జనం నోట ఇంకా అదే. నేషనల్ బుక్ ట్రస్ట్ ఈ ప్రదర్శనను మొదటిసారి 1972లో విండ్సర్ ప్లేస్‌లో పెట్టింది, ప్రారంభించింది అప్పటి రాష్ట్రపతి వి.వి. గిరి. చాలాకాలం రెండేళ్లకోసారి జరిగేది, 2013 నుంచి ఏటా జరపడం మొదలుపెట్టారు. హిందీ, ఇంగ్లీషు పుస్తకాలు వద్దన్నా ఎదురొస్తాయి, తెలుగువి మాత్రం వెతుక్కోవాలి. ట్రస్టు వేసే నెహ్రూ బాల పుస్తకాలయం పుస్తకాలు తెలుగులోనూ ఉన్నాయి, పలచగా, బొమ్మలతో.

కొనడం తేలికే. ఇంట్లో తెలుగు చదవడం వచ్చినావిడకు చిన్న అక్షరాలు ఆనవు, కళ్లు ఆనేవాడికి చదవడం రాదు. మావాడు బళ్లో నేర్చింది హిందీ. గుణింతాలు త్వరగానే పట్టుకున్నాడు, ఆగేదల్లా వత్తుల దగ్గర. హిందీలో రెండు హల్లులు కలిస్తే సాధారణంగా మొదటిది సగానికి తెగుతుంది, రెండోది నిండుగా నిలబడుతుంది. తెలుగులో మొదటిది నిండుగా ఉంటుంది, రెండోది ఒదిగి కిందికి దిగుతుంది. ‘పుస్తకం’ అన్న మాటలో వాడికి ‘స’ నిండుగా కనిపిస్తుంది, ‘పుస’ అనేసి, కిందనున్న ‘త’ను తర్వాత చూసి, వెనక్కొస్తాడు. పేజీకి ఇలాంటివి పది తగులుతాయి.

కేకు ఓవెన్‌లో ఉన్నంతసేపూ వంటింటి గుమ్మం దగ్గర ఈ చదువు సాగుతుంది. అత్తయ్య తప్పులు దిద్దరు. వాడు వత్తు విప్పుకునేలోపే బొమ్మ చూసి కథ ఊహించేసి, ముగింపు చెప్పేస్తారు.