క్రిస్మస్ నక్షత్రం - కొండెక్కిన దీపం

శామ్యూల్ డే దొర 1840లో నెల్లూరు చేరి బాప్టిస్టు మిషన్ పని మొదలెట్టాడు. ఆ మిషన్‌కు అప్పట్లో పెద్ద ఆఫీసు బోస్టన్. తమాషా ఏమిటంటే, ఆ బోస్టన్ ఉన్న మసాచుసెట్స్‌లోనే 1659 నుంచి 1681 దాకా క్రిస్మస్ చేసుకుంటే 5 షిల్లింగుల జుల్మానా! బైబిల్లో ఆ తేదీ లేదు కదా అని వాళ్ల వాదన.

మరి మన అల్లూరు, రామాయపట్నం వైపు ఈ సందడంతా ఎక్కడిది? సగం ధనుర్మాసానిదేనని నాకనిపిస్తుంది. రాత్రిళ్లు ఇంటింటికీ పాటల జట్టు, తెల్లవారుజామున హరిదాసు. పండగకు అవే అరిసెలు. వెదురుబద్దలకు రంగుకాగితం అంటించి, లోపల దీపముంచిన నక్షత్రం వాకిట్లో వేలాడేది. సముద్రపుగాలికి అది ఆరిపోతే మా అమ్మమ్మ "ఆరింది" అనేది కాదు, "కొండెక్కింది" అనేది. పాస్టరుగారు నవ్వేవారు. ఆమె మాత్రం మాట మార్చుకోలేదు.