హైపర్‌కార్డ్‌కు చెవులు

1987 ఆగస్టులో యాపిల్ సంస్థ హైపర్‌కార్డ్‌ను విడుదల చేసి, కొత్త మెకింతోష్ కొన్నవాళ్లందరికీ ఉచితంగా ఇచ్చింది. సృష్టికర్త బిల్ అట్కిన్సన్. తెరమీద ఒక కార్డు, దానిమీద బటన్లు, అలాంటి కార్డుల కట్ట ఒక స్టాక్. బటన్ నొక్కితే ఏం జరగాలో డాన్ వింక్లర్ రూపొందించిన హైపర్‌టాక్ భాషలో రాసుకోవచ్చు. మామూలు ఇంగ్లిష్ వాక్యాలకు దగ్గరగా ఉండే ఆ భాషతో, ప్రోగ్రామింగ్ ఎన్నడూ నేర్వని టీచర్లు కూడా పాఠాలు తయారుచేసుకున్నారు. 1993లో మెకింతోష్ మీద వచ్చిన మిస్ట్ ఆటను కట్టింది కూడా హైపర్‌కార్డ్‌తోనే.

ఇంత నేర్చిన భాషకు ఒక వెలితి ఉండేది. అప్పటి మెకింతోష్ వెనకవైపు రెండు సీరియల్ పోర్టులుండేవి, ఒకటి మోడెమ్‌కు, ఒకటి ప్రింటర్‌కు. హైపర్‌టాక్‌లోని ‘డయల్’ ఆదేశం మోడెమ్‌కు ఫోన్ నంబరు పంపగలదు. అవతలి నుంచి ఏం బదులొచ్చిందో చదివే ఆదేశం మాత్రం లేదు. నోరుంది, చెవుల్లేవు.

సీరియల్ పోర్టులో బిట్లు చీమల బారులా ఒకదాని వెనక ఒకటి నడుస్తాయి. ప్రతి అక్షరానికీ ముందు ఒక ఆరంభపు బిట్, తర్వాత మామూలుగా 8 బిట్ల సమాచారం, చివర ఒక ముగింపు బిట్. మొత్తం 10. సెకనుకు 9600 బిట్ల వేగమంటే 960 అక్షరాలన్నమాట. బిట్ల లయ చెప్పే క్లాక్ తీగ వేరే ఉండదు గనుక రెండు యంత్రాలూ ముందే ఒకే వేగానికి కుదురుకోవాలి. మెకింతోష్‌లో ఈ బిట్ల లెక్క చూసింది జిలాగ్ 8530 చిప్.

చెవులు అమర్చే దారిని హైపర్‌కార్డ్ తయారుచేసినవాళ్లే ఉంచారు. పాస్కల్‌లోనో సీ భాషలోనో చిన్న ప్రోగ్రామ్ రాసి స్టాక్‌లో చేరిస్తే, హైపర్‌టాక్ దాన్ని తన సొంత ఆదేశంగానే వాడుకుంటుంది. వాటిని ఎక్స్‌సీఎండీలు అనేవారు. తమకు తట్టని అవసరాలు ఇతరులకు ఉంటాయని ముందే తలచి ఆ తలుపు తీసి ఉంచడం, నా దృష్టిలో, హైపర్‌కార్డ్‌లోని అన్ని గొప్పల్లోకీ గొప్ప.

తలుపు ఉన్నంత మాత్రాన పని తేలిక కాలేదు. వచ్చిన అక్షరాలను దాచడానికి, పోర్టును నడిపే సీరియల్ డ్రైవర్ దగ్గర మొదట ఉండే బఫర్ 64 బైట్లే. 9600 వేగంలో అది సెకనులో పదిహేనో వంతుకల్లా నిండిపోతుంది. హైపర్‌టాక్ నెమ్మది భాష. అది ఒక కార్డు గీసి తిరిగి చూసేలోపు సగం సమాచారం పొంగిపొర్లి పోయేది. అందుకని ప్రోగ్రామర్లు పెద్ద బఫర్ కేటాయించి డ్రైవర్‌కు అప్పగించారు. అక్కడ ఇంకో చిక్కు. ఎక్స్‌సీఎండీ పని ముగియగానే తన సంగతులన్నీ మరిచిపోతుంది. మళ్లీ పిలిచినప్పుడు బఫర్ ఎక్కడుందో దానికి తెలియాలి కదా! ఆ చిరునామాను ఒక అంకెగా మార్చి, హైపర్‌టాక్ గ్లోబల్ వేరియబుల్‌లో దాచిపెట్టారు. పోర్టు మూసేముందు డ్రైవర్‌కు దాని పాత బఫర్‌ను తిరిగి ఇవ్వడం తప్పనిసరి. మరిస్తే అది మనది కాని మెమరీలో రాస్తూ పోతుంది. ఒక ప్రోగ్రామ్ నుంచి ఇంకోదానికి రక్షణ లేని యంత్రం కాబట్టి మొత్తం మెకింతోషే స్తంభించేది.

సున్నా బైటుతో తగువు వేరు. హైపర్‌కార్డ్‌కూ ఎక్స్‌సీఎండీకీ మధ్య సాగే పాఠ్యం సున్నా కనబడగానే ముగిసినట్టు లెక్క. పోర్టుకు తగిలించిన కొలత పరికరం ఏదైనా నిజంగానే సున్నా పంపితే, దాని వెనక ఉన్నదంతా మాయం. అలాంటి బైట్లను దశాంశ అంకెలుగా రాసి అందించాల్సి వచ్చేది.

ఇవన్నీ దాటాక ఫలితం చూడముచ్చటగా ఉండేది. వాయేజర్ సంస్థ స్టాక్‌లతో, సీరియల్ పోర్టు ద్వారా లేజర్‌డిస్క్ ప్లేయర్లు నడిచాయి. కార్డు మీద బటన్ నొక్కితే పక్కనున్న టీవీలో కోరిన చిత్రం నిలిచేది.

1998లో వచ్చిన ఐమ్యాక్‌లో యాపిల్ ఆ పాత సీరియల్ పోర్టులను తీసేసి యూఎస్‌బీ పెట్టింది. 2004 మార్చిలో హైపర్‌కార్డ్ అమ్మకం ఆగింది. సీరియల్ పద్ధతి మాత్రం ఆగలేదు. మీ ఇంట్లో ఇంజనీరింగ్ చదివే పిల్లలుంటే వాళ్ల ఆర్డుయినో బోర్డు ప్రోగ్రామ్ ఒకసారి చూడండి. మొదట్లోనే 9600 అన్న అంకె చాలావరకు కనిపిస్తుంది.