నాయుడుపేట రాని వరుస

బాలలూ! పలకా బలపమూ తీసుకోండి, ఒక ఆట ఆడుదాం.

పద్యాలు చదివే మీకు గురువూ, లఘువూ తెలిసే ఉంటాయి. 'క' వంటి పొట్టి అక్షరం లఘువు. పలకడానికి ఒక మాత్ర పడుతుంది. 'కా' వంటి దీర్ఘాక్షరం గురువు. రెండు మాత్రలు పడుతుంది. సున్న ఉన్న అక్షరమూ, ఒత్తు ఉన్న అక్షరానికి ముందుదీ కూడా గురువులే. గురువును 'గ' అనీ, లఘువును 'ల' అనీ వ్రాద్దాం.

ఆటకు నియమాలు రెండే. 'గ' ఉన్నచోట 'గల' వ్రాయాలి. 'ల' ఉన్నచోట 'గ' వ్రాయాలి. ఒక్క 'గ'తో మొదలుపెట్టండి:

గ
గల
గలగ
గలగగల
గలగగలగలగ

అక్షరాలు లెక్కపెట్టండి: 1, 2, 3, 5, 8. తరువాత 13, ఆపైన 21. మూడవ వరుస మొదలుకొని ప్రతి సంఖ్యా తన ముందున్న రెండింటి మొత్తమే! ఇంకో చిత్రం చూశారా? ఒక వరుసలో ఎన్ని మాత్రలుంటే కింది వరుసలో అన్ని అక్షరాలుంటాయి. రెండు మాత్రల గురువు రెండక్షరాలవుతుంది, ఒక మాత్ర లఘువు ఒకే అక్షరమవుతుంది గదా!

ఈ సంఖ్యలు మన ఛందస్సు పండితులకు ఏనాడో తెలుసు. 7 మాత్రలను గురులఘువులతో 21 విధాల పేర్చవచ్చును. ఇటువంటి లెక్కను విరహాంకుడు చెప్పాడు. తరువాత 1150 ప్రాంతంలో గుజరాతులో హేమచంద్రుడు చెప్పాడు. ఇటలీలో ఫిబొనాచ్చి కుందేళ్ల లెక్కగా ఇవే సంఖ్యలను వ్రాసింది 1202లో.

ఇక మన ఊళ్ల పేర్లు వెతుకుదాం. శ్రీకాళహస్తి అంటే గగలగల. అయిదవ వరుసను మూడవ అక్షరం నుంచి చదవండి. దొరికిందా? అదే స్వర్ణముఖి ఒడ్డున, దిగువన నాయుడుపేట ఉన్నది. దాని పేరు గలలగల. వెతకండి. వెయ్యో వరుస దాకా వ్రాసినా దొరకదు!

అంత గట్టిగా ఎలా చెప్పగలం? 'ల' ఎప్పుడూ 'గల' చివరనే పుడుతుంది. దాని పక్కన వచ్చేది మరో 'గల' గాని, ఒంటి 'గ' గాని. రెండూ 'గ'తోనే మొదలవుతాయి. కనుక రెండు లఘువులు ఎన్నటికీ పక్కపక్కన చేరవు. నాయుడుపేటలోనో, 'యు', 'డు' పక్కపక్కనే ఉన్నాయి! ఎన్ని పలకలు నింపినా తేలని సంగతి కాస్త ఆలోచిస్తే తేలిపోయింది.

ఇప్పుడు మీ వంతు. సూళ్లూరుపేట ఈ వరుసలో దొరుకుతుందా? మూడు గురువులు ఎప్పుడైనా వరుసగా వస్తాయా? ఒంటి 'గ' పై వరుసలో దేని నుంచి పుట్టిందో చూసుకుంటే జవాబు మీకే తెలుస్తుంది. ఆ తరువాత మీ ఊరి పేరుతో ప్రయత్నించండి!