కర్మాగారముల చెంత సొంత ఇల్లు

విశాఖపట్నమునకు తూర్పున సముద్రము, ఉత్తరమున కైలాసగిరి, సింహాచలము కొండలు, దక్షిణమున యారాడ కొండ సహజమైన ప్రహరీగోడలవలె నిలిచియున్నవి. కావున నగరము పెరుగుటకు ముఖ్యముగా రెండే దారులు కలవు. ఒకటి తీరము వెంబడి భీమునిపట్నము వైపు. రెండవది రహదారి వెంబడి గాజువాక, కూర్మన్నపాలెము, అనకాపల్లి వైపు. మొదటి దారిలో సముద్రపు గాలియు, దానితోపాటు అధికమైన ధరయు లభించును. రెండవ దారిలో పని దొరకును; పనిచేయువారికి అందుబాటులో నుండు ఇంటిస్థలము సైతము చాలకాలముగా ఆ వైపుననే దొరకుచున్నది.

ఈ రెండవ దారి ఒక్కనాట ఏర్పడినది కాదు. 1933లో నౌకాశ్రయము ప్రారంభమైనది. 1941లో నౌకానిర్మాణ కేంద్రమునకు శంకుస్థాపన జరుగగా, 1948లో అందుండి ‘జల ఉష’ నీటిలోనికి దిగినది. 1957లో చమురుశుద్ధి కర్మాగారము వెలసినది. 1966 నాటి మహాందోళనమునకు ఫలముగా వచ్చిన ఉక్కు కర్మాగారమునకు 1971 జనవరి 20న శంకుస్థాపన జరిగి, 1992 ఆగస్టు 1న అది జాతికి అంకితమైనది. పిమ్మట దువ్వాడ, పరవాడ, అచ్యుతాపురములందు పారిశ్రామిక మండలములు వెలసినవి. 2005లో గాజువాక పురపాలకము మహానగరములో విలీనమైనది. ఒకప్పుడు వరిచేలును, తాటితోపులును ఉన్నచోట నేడు గజముల లెక్కన బేరములు సాగుచున్నవి.

కర్మాగారమున పనిచేయువానికి క్వార్టరు ఉండవచ్చును; కాని క్వార్టరు ఇల్లు కాదు. ఉద్యోగము ఉన్నంతవరకే అది ఆశ్రయము. పదవీ విరమణనాడు చేతికివచ్చు ప్రావిడెంటు ఫండు, గ్రాట్యుటీ మొత్తములతో తలదాచుకొను చోటు చూచుకొనవలెను. కాంట్రాక్టు కార్మికునకు ఆ క్వార్టరైనను లేదు. అతడు చీటీపాటల సొమ్మును, భార్య మెడలోని బంగారమును, బ్యాంకు అప్పును కలిపి కొనును. ఇట్టి కొనుగోలు జీవితమునందు ఒక్కమారే జరుగును. పొరపాటు జరిగిన యెడల దిద్దుకొనుటకు రెండవ ప్రావిడెంటు ఫండు ఉండదు. అందుచేత ఈ విషయమును కొంత వివరముగా చెప్పుట యుక్తమని తలచితిమి.

చవుక స్థలము చూచినప్పుడు మొదట అడుగవలసిన ప్రశ్న ‘ఎంత?’ అనునది కాదు. ‘ఏల ఇంత తక్కువ?’ అనునది. కారణము దూరమైనచో భయము లేదు. రోడ్డు, బస్సు వచ్చిన పిదప ఆ లోపము తీరును. కారణము అనుమతిలేని లేఔటు అయినచో రుసుము చెల్లించి క్రమబద్ధము చేసికొను అవకాశము ఒక్కొక్కప్పుడు కలుగవచ్చును, కలుగకపోవచ్చును. కారణము హక్కులోని లోపమైనచో అది ఎంత చవుకైనను ప్రియమే. కారణము గాలి, నీరు, ప్రమాదభయము అయినచో ఆ మూల్యమును సొమ్ముతోగాక ఆరోగ్యముతో చెల్లించవలసి వచ్చును.

హక్కు సంగతి మొదట చూతము. ఈ ప్రాంతపు భూములన్నియు ఒక్క జాతివి కావు. తరతరములుగా రైతు స్వంతమైనది జిరాయితీ. దీనిని కొనుటకు ఆటంకము లేదు. భూమిలేని పేదలకు ప్రభుత్వము సాగుకొరకో, నివాసముకొరకో ఇచ్చినది డి-పట్టా భూమి. దీని అమ్మకమును 1977 నాటి అసైన్డు భూముల చట్టము నిషేధించినది. తరువాత కొన్ని సవరణలు వచ్చినను, ఏ పట్టాకు ఏ సడలింపు వర్తించునో తహసీలుదారు కార్యాలయమునందు వ్రాతపూర్వకముగా తెలిసికొనక బయానా ఈయరాదు. గయాలు, గెడ్డ పోరంబోకు, చెరువుగర్భము ప్రభుత్వపు సొత్తు. అందు ఎన్ని ఇండ్లు లేచినను హక్కు పుట్టదు. ఉక్కు కర్మాగారమునకు భూములిచ్చి నిర్వాసితులైన గ్రామస్థులకు కేటాయించిన స్థలములు వేరొక తరగతి. ఇందు కేటాయింపు ఎవరి పేరనున్నది, ఏ షరతులతో నున్నది, వారసులందరును సంతకము చేయుచున్నారా అనునవి తప్పక చూడవలెను.

దేవస్థానపు భూములకు సింహాచలము చెంతనున్న ‘పంచగ్రామముల’ సమస్యయే మిక్కిలి పెద్ద పాఠము. అడవివరము, వేపగుంట, చీమలాపల్లి, పురుషోత్తపురము, వెంకటాపురము అను ఈ గ్రామములలో వేలాది కుటుంబములు సొమ్ముపెట్టి స్థలములు కొని ఇండ్లు కట్టుకొన్నవి. 1996లో ఆ భూములకు రైత్వారీ పట్టా దేవస్థానము పేర వచ్చుటతో వారి కాగితములు చిక్కునబడినవి. వారికి అమ్ముకొనుటయు, అప్పు తెచ్చుకొనుటయు, తుదకు పైకప్పు బాగుచేసికొనుటయు కష్టమైనది. వీరిలో అనేకులు ఎవరినీ మోసగించినవారు కారు. తాము కొన్న హక్కు అమ్మినవానికే లేదని వారికి ఆలస్యముగా తెలిసినది.

ఇచ్చట ఒక సాధారణ భ్రమను తొలగించుట అవసరము. ‘రిజిస్ట్రేషను అయినది గదా, ఇక భయమేల?’ అని పలువురందురు. సబ్ రిజిస్ట్రారు దస్తావేజును నమోదు చేయును. హక్కుకు హామీ ఈయడు. అమ్మినవానికి లేని హక్కు ఎంత స్టాంపు సుంకము కట్టినను కొన్నవానికి రాదు. నమోదు చేయరాని భూముల పట్టికను రిజిస్ట్రేషను చట్టములోని 22-ఎ సెక్షను ననుసరించి ఉంచుదురు. సర్వే నంబరు చెప్పి అందు చూచుకొనుట మొదటి జాగ్రత్త.

రెండవది ఈ.సి. అని అందరును వ్యవహరించు పత్రము. ఆ స్థలముపై జరిగిన అమ్మకములు, తనఖాలు, దానపత్రములు ఇందు కనబడును. 1983 నుండి జరిగిన లావాదేవీలు కంప్యూటరునందు దొరకును. అంతకు పూర్వపువాటికి కార్యాలయపు పుస్తకములను వెదకింపవలెను. కనీసము 30 సంవత్సరముల లింకు దస్తావేజులు గొలుసువలె తెగక వచ్చుచున్నవో లేదో న్యాయవాదిచే చూపించుట మంచిది. అయినను రిజిస్టరు కాని ఒప్పందములు, వీలునామాలు, నోటిమాటతో జరిగిన పంపకములు ఈ.సి.లో కనబడవు. కావున అమ్మువాని అన్నదమ్ములను, అప్పచెల్లెండ్రను గూర్చి విచారించుటకు మొగమాటపడరాదు. తండ్రి ఆస్తిలో ఆడుబిడ్డలకును వాటా కలదన్న సంగతి మరచిన బేరములెన్నో న్యాయస్థానములకెక్కినవి.

మూడవది, స్టాంపు కాగితముమీద వ్రాసిన అగ్రిమెంటునుగాని, జనరల్ పవర్ ఆఫ్ అటార్నీనిగాని అమ్మకపు దస్తావేజుగా భావింపరాదు. ఇట్టి పత్రములవలన స్థిరాస్తిహక్కు బదిలీ కాదని 2011 అక్టోబరులో సుప్రీముకోర్టు స్పష్టముగా తీర్పు చెప్పినది. గాజువాక పరిసరములందు చేతులు మారిన చిన్న స్థలములు కొనువారు ఈ తీర్పును జ్ఞాపకముంచుకొనవలెను.

ఇక కొలతలు. ఎకరమునకు 100 సెంట్లు, సెంటుకు 48.4 చదరపు గజములు. 30 అడుగుల వెడల్పు, 45 అడుగుల పొడవు గల స్థలము 150 గజములగును. కాగితముపై 150 ఉండి, నేలపై 138 ఉన్న స్థలములు లేకపోలేదు. సర్వేయరును పిలిచి, హద్దురాళ్లు పాతించి, నాలుగువైపుల పొరుగువారి యెదుట కొలిపించినపిదపనే మిగిలిన సొమ్ము చెల్లింపవలెను. లేఔటుకు మహానగర ప్రాంత అభివృద్ధి సంస్థ అనుమతి కలదా, ఆ అనుమతి పటములోని రోడ్డే నేలమీదను ఉన్నదా అని సరిచూడవలెను. పటములో పార్కుగా చూపిన భాగమును ప్లాటుగా అమ్ముట కొత్త విద్య కాదు.

ఫ్లాటు కొనువారికి 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టము, అనగా రెరా, కొంత రక్షణ కల్పించినది. 500 చదరపు మీటర్లకు మించిన స్థలమునగాని, ఎనిమిదికి మించిన ఫ్లాటులతోగాని చేపట్టు నిర్మాణములు నమోదు కావలెను. రిజిస్టరు చేసిన ఒప్పందము లేనిదే ధరలో 10 శాతమునకు మించి తీసికొనరాదు. కొనుగోలుదారుల సొమ్ములో 70 శాతము ప్రత్యేకఖాతాలో నుండవలెను. కట్టడములోని లోపములకు స్వాధీనపరచిన తరువాత అయిదేండ్లవరకు బాధ్యత నిర్మాతదే. అయితే ఎనిమిది ఫ్లాటులలోపు చిన్న భవనములు ఈ రక్షణకు వెలుపల నుండవచ్చును. చవుక ఫ్లాటులలో పెక్కు అట్టివే. అచ్చట ప్లానును, అంతస్తుల అనుమతిని, భూమిలో మన పేర వచ్చు అవిభక్తపు వాటాను స్వయముగా చూచుకొనక తప్పదు. గోడలు పాతబడును, మిగులునది ఆ వాటాయే.

ఖర్చును లెక్కించునపుడు ధర ఒక్కటియే చూచుట చాలదు. ఉదాహరణకు ఒక స్థలము విలువ 20 లక్షలనుకొందము. స్టాంపు సుంకము, బదిలీ సుంకము, రిజిస్ట్రేషను రుసుము కలిసి మన రాష్ట్రమున సుమారు 7.5 శాతము, అనగా లక్షా యాభైవేలు. న్యాయవాది, సర్వేయరుల ఫీజు, హద్దు గోడ, బోరు, విద్యుత్తు కనెక్షను వేరు. ఈ మొత్తమును ముందే ప్రక్కన పెట్టనివారు చివరకు అధిక వడ్డీకి అప్పుచేయుదురు.

గాలిని, నీటిని గూర్చి ఒకమాట. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి తీవ్ర కాలుష్యమునకు గురియైనవిగా లెక్కించిన 43 పారిశ్రామిక ప్రాంతములలో విశాఖపట్నము ఒకటి. 2020 మే 7 తెల్లవారుజామున గోపాలపట్నము చెంతనున్న ఆర్.ఆర్. వెంకటాపురములోని పాలిమరు కర్మాగారమునుండి వెలువడిన విషవాయువు 12 మంది ప్రాణములను బలిగొన్నది. 1961లో ఆ కర్మాగారము వెలసినప్పుడది ఊరి వెలుపలిది. పిదప ఇండ్లే దాని గోడవరకు వచ్చి చేరినవి. కావున కొనబోవు స్థలమునకు ఏ కర్మాగారము ఎంతదూరములో నున్నది, గాలి ఎటువీచును అని విచారించుట పిరికితనము కాదు. మే నెలలో ఒకమారు వెళ్లి బోరులో నీరున్నదా, ఉప్పుగానున్నదా అని రుచిచూడవలెను. పెద్దవాన కురిసిన మరునాడు మరొకమారు వెళ్లి, గెడ్డ నీరు ఎంతవరకు వచ్చినదో ఇరుగుపొరుగులను అడుగవలెను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు ఆ వీథి ఎట్లుండెనో వారు చెప్పు మాట అమ్మువాని మాటకంటె విలువైనది.

కర్మాగారముల చెంత ఇల్లు కొనుటలోని ఈ సమస్య మనకే ప్రత్యేకము కాదు. జంషెడ్‌పూరులో పట్టణభూమి అధికభాగము ఉక్కు సంస్థ ప్రభుత్వమునుండి లీజునకు పొందినది. అందుచేత అచ్చటివారికి స్వంత స్థలమన్నమాటకే అర్థము వేరు. తాయిలాండులోని రయోంగు రేవు పరిశ్రమల చెంత పనిచేయు విదేశీయులకు ఆ దేశపు చట్టము నేలను కొననీయదు. ఫ్లాటులను మాత్రము పరిమితికి లోబడి కొననిచ్చును. మనకు నేలనే కొను హక్కు కలదు. ఆ హక్కుతోపాటు విచారించు బాధ్యతయు మనదే.

చివరగా, కర్మాగారము ప్రక్కనున్న ఇంటి విలువ కర్మాగారపు భాగ్యముతో ముడివడియుండును. 2021 జనవరిలో ఉక్కు కర్మాగారమునుండి పెట్టుబడిని పూర్తిగా ఉపసంహరించుకొనుటకు కేంద్రము సూత్రప్రాయముగా అంగీకరించినది. 2025 జనవరిలో దాని పునరుద్ధరణకు 11,440 కోట్ల రూపాయల సహాయమును ప్రకటించినది. ధర రెట్టింపగునను ఆశతో అప్పుచేసి రెండవ స్థలము కొనువారు ఇట్టి ఒడుదొడుకులను తట్టుకొనలేరు. నివసించుటకు కొనువానికి ధర పెరిగినను, తరిగినను ఇల్లు ఇల్లే.

‘ఇల్లు కట్టి చూడు’ అని పెద్దలన్నారు. కట్టుటకు ముందు కాగితములు చూచుటకు నెలదినములు పట్టినను పట్టనిండు. తొందరపెట్టి ‘నేడే బయానా ఈయవలె, రేపు వేరొకరు కొందురు’ అనువానితో ‘అట్లే కానిండు’ అనుటకు సందేహింపకుడు. మంచి హక్కుగల స్థలము నెలదినముల విచారణకు ఓర్చును.