తలెత్తి చూడమనే ఫోను!

రోజూ నడిచే వీధే. రోజూ చూసే గోడే. కానీ ఆ గోడ వెనక వందల ఏళ్ల కథ ఉందని ఎవరు చెబుతారు? గైడు ఉండడు, బోర్డు కనిపించదు, చెప్పే తాతయ్యలు ఒక్కొక్కరుగా వెళ్లిపోతున్నారు. ఆ బాధ్యతను జేబులోని సెల్‌ఫోనుకు అప్పగించే ప్రయత్నం ప్రపంచంలోని కొన్ని నగరాల్లో ఇరవయ్యేళ్ల కిందటే మొదలైంది. కొన్ని ప్రయోగాలు జనాన్ని మెప్పించాయి. కొన్ని నాలుగేళ్లకే కనుమరుగయ్యాయి. రెండింటిలోనూ మనం నేర్చుకోవాల్సింది ఉంది.

ఆకుపచ్చ చెవి

2003 సంవత్సరం. స్మార్ట్‌ఫోన్లు ఇంకా సామాన్యుల చేతుల్లోకి రాని రోజులు. కెనడాలోని టొరంటో నగరంలో కెన్సింగ్టన్ మార్కెట్ అని ఓ పాత బజారు. అక్కడ చెవి ఆకారంలో ఉన్న ఆకుపచ్చ బోర్డులు వెలిశాయి. బోర్డు మీద ఒక ఫోన్ నంబరు, ఆ చోటుకు సంబంధించిన కోడ్. మామూలు సెల్‌ఫోన్‌తో ఆ నంబరుకు డయల్ చేస్తే చాలు... ఓ గొంతు వినిపిస్తుంది. అది చరిత్ర ప్రొఫెసర్‌ది కాదు. ఆ వీధిలో బతికినవాళ్లది. తమ జీవితంలో సరిగ్గా అక్కడే జరిగిన సంగతిని వాళ్ల మాటల్లోనే చెబుతారు.

ఆ ప్రాజెక్టు పేరు ‘మర్మర్’. అంటే గుసగుస. తర్వాత మాంట్రియల్, వాంకూవర్ లాంటి నగరాలకూ పాకింది. ఇందులో బొమ్మల్లేవు, మ్యాపుల్లేవు. అయినా విన్నవాళ్లకు ఆ చోటు కొత్తగా కనిపించేది. చెవిలో కథ నడుస్తుంటే కళ్లు ఊరికే ఉంటాయా? ఎదురుగా ఉన్న కిటికీనీ, మెట్లనీ వెతుక్కుంటాయి. వీధుల కోసం యాప్‌లు తయారుచేసే వాళ్లకు మొదటి పాఠం ఇదే!

బీరువాలోంచి బజారుకు

లండన్‌ది ఇంకో దారి. మ్యూజియం ఆఫ్ లండన్‌లో ఆ నగరపు పాత ఫొటోలు బోలెడు. కానీ మ్యూజియం దాకా వచ్చి చూసేవాళ్లెందరు? జనం రాకపోతే ఫొటోలే జనం దగ్గరికి వెళ్తాయి అనుకున్నారు నిర్వాహకులు. 2010లో ‘స్ట్రీట్‌మ్యూజియం’ అనే ఉచిత యాప్ తెచ్చారు. నగరంలోని రెండొందలకు పైగా చోట్లను మ్యాప్‌లో గుర్తించారు. అక్కడికెళ్లి ఫోను పైకెత్తితే, కెమెరాలో కనిపించే అప్పటి వీధి మీద అదే చోట తీసిన పాత ఫొటో వచ్చి కూర్చునేది.

క్వీన్ విక్టోరియా స్ట్రీట్ సంగతే చూడండి. ఇప్పుడక్కడ బస్సులూ ఆఫీసులూ హడావుడీ. 1941 మే నెలలో అదే వీధిలో, జర్మనీ విమానాల దాడి తర్వాత సాల్వేషన్ ఆర్మీ ప్రధాన కార్యాలయం గోడ కుప్పకూలింది. కూలుతుండగా తీసిన ఫొటో మ్యూజియంలో ఉంది. గ్యాలరీలో అద్దం వెనక చూస్తే అది ఓ మంచి ఫొటో. గోడ కూలిన చోటే నిలబడి చూస్తే మాత్రం ఒళ్లు జలదరిస్తుంది. ఫొటో అదే, చూసే చోటే మారింది!

జొవాన్ని వెంట నడక

ఇటలీలోని ఫ్లారెన్స్‌కు వెళ్లిన పర్యటకులంతా పెద్ద చర్చి గోపురాన్నీ, మైకెలాంజిలో శిల్పాల్నీ చూసి వచ్చేస్తారు. పక్క సందుల్లోకి తొంగిచూసేవాళ్లు తక్కువ. చరిత్రకారులు ఫాబ్రిజియో నెవోలా, డేవిడ్ రోసెంతాల్ సరిగ్గా ఆ సందుల మీదే దృష్టి పెట్టారు. వాళ్లు రూపొందించిన ‘హిడెన్ ఫ్లారెన్స్’ యాప్‌లో గైడు ఎవరో తెలుసా? జొవాన్ని అనే ఉన్ని కార్మికుడు. పదిహేనో శతాబ్దం చివర్లో బతికినట్టుగా కల్పించిన మనిషి. అతను చెప్పే విషయాలు మాత్రం ఆనాటి రికార్డుల్ని శోధించి రాసినవి.

రాజులూ ప్రభువుల కథ అయితే కోట దగ్గర మొదలై కోట దగ్గరే ముగుస్తుంది. కూలీ కథ అలాక్కాదు. అతను పనికెళ్లాలి, సంతకెళ్లాలి, వీధి మలుపులో దేవుడి పటానికి దండం పెట్టుకోవాలి. ఆ పనులన్నిటి వెంటా మనమూ నడుస్తాం. దారి చూపించడానికి వాడిన మ్యాపు కూడా ఇప్పటిది కాదు, 1584లో బొన్సిన్యోరి గీసిన ఫ్లారెన్స్ పటం. నాలుగొందల ఏళ్లు దాటినా చాలా సందులు మారలేదు కాబట్టి, ఆ పాత పటం పట్టుకుని ఇప్పటికీ నడవొచ్చు!

తర్వాత అదే బృందం మరో మెట్టెక్కింది. ఫ్లారెన్స్‌లో శాన్ పియెర్ మజ్జోరె అని ఓ గొప్ప చర్చి ఉండేది. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో దాన్ని పడగొట్టేశారు. ముందుభాగంలోని తోరణాలు మిగిలాయి, వెనకంతా ఇళ్లూ దుకాణాలే. చర్చిలో ప్రధాన వేదికపై ఉండే చిత్రాల పలకలు చాలావరకు లండన్ నేషనల్ గ్యాలరీకి చేరాయి. ఒక్క చర్చి ముక్కలై వేర్వేరు దేశాల్లో మిగిలిందన్నమాట. పరిశోధకులు ఆ ముక్కల్ని కంప్యూటర్‌లో తిరిగి అతికి, చర్చి రూపాన్ని ఫోన్ తెర మీద నిలబెట్టారు.

తెలివంతా ఎక్కడుంది?

ఇవి తయారుచేయడంలో అసలు చిక్కు సాఫ్ట్‌వేర్ కాదంటే ఆశ్చర్యం కలగొచ్చు. ఫోను చేతికిస్తే మనిషి తల దించుకుంటాడు. వీధిని చూపించాల్సిన వస్తువే వీధిని చూడనివ్వదు! అందుకే అనుభవమున్న రూపకర్తలు కొన్ని జాగ్రత్తలు పాటిస్తారు.

చదివించడం కన్నా వినిపించడం మేలు. ఎండలో తెర కనిపించదు, నడుస్తూ చదివితే ప్రమాదం. ఒక్కో కథ ఒకట్రెండు నిమిషాలకు మించకూడదు, నడిరోడ్డు మీద అంతకు మించి ఎవరూ నిలబడరు. కథ మొదలయ్యే ముందు ‘పక్కకు వచ్చి నిలబడండి’ అని చెప్పాలి. ‘ఎడమవైపు రెండో అంతస్తు కిటికీ చూడండి’ అని కళ్లను గోడ మీదికి మళ్లించాలి.

ఇంకో తంటా జీపీఎస్‌ది. ఆరుబయట ఫోను మన చోటును దాదాపు ఐదు మీటర్ల తేడాతో చెప్పేస్తుంది. ఇరుకు సందుల్లోకి వెళ్లామా... ఉపగ్రహ సంకేతాలు గోడలకు తగిలి అటూ ఇటూ మళ్లుతాయి. అప్పుడు మనం ఈ సందులో ఉంటే ఫోను పక్క సందులో చూపిస్తుంది. పాత బస్తీలన్నీ ఇరుకు సందులే కదా! అందుకని ఒక్క జీపీఎస్‌నే నమ్మకుండా ఆ చోటు ఫొటో ఇచ్చి, ‘ఈ తలుపు కనిపించిందా? అయితే నొక్కండి’ అంటారు. సిగ్నల్ అందని చోట ఆగిపోకుండా ముందే అంతా డౌన్‌లోడ్ చేసుకునే వీలూ కల్పిస్తారు.

యాప్‌కూ ఆయుష్షుంది

2017లో యాపిల్ సంస్థ ఐఓఎస్ 11ను విడుదల చేసింది. దాంతో పాత 32 బిట్ పద్ధతిలో తయారైన యాప్‌లన్నీ కొత్త ఫోన్లలో తెరుచుకోవడం మానేశాయి. తిరగరాయడానికి డబ్బున్న సంస్థలు రాసుకున్నాయి. గ్రాంటు సొమ్ముతో ఒక్కసారి చేసి వదిలేసినవాటి కథ అంతటితో ముగిసింది. వెయ్యేళ్ల నాటి రాతిగోడ కథ చెప్పే యాప్ పదేళ్లు కూడా బతకలేదంటే విచిత్రమే మరి!

అందుకే మొదటిరోజే ఓ నియమం పెట్టుకోవాలంటారు అనుభవజ్ఞులు. గొంతులూ ఫొటోలూ రాతలూ యాప్‌లో ఇరికించకుండా, ఎప్పుడైనా ఎక్కడైనా తెరవగలిగే మామూలు ఫైళ్లుగా విడిగా దాచాలి. గ్రంథాలయంలోనో మ్యూజియంలోనో ఓ ప్రతి ఉంచాలి. యాప్ అనేది ఓ గిన్నె మాత్రమే. గిన్నె పగిలినా అందులోని పాయసం పోకూడదు.

మూసీ ఒడ్డున...

మరి మన సంగతో? హైదరాబాద్‌కు కావాల్సిన సరంజామా అంతా ఉంది. ఫ్లారెన్స్‌కు బొన్సిన్యోరి పటం ఉన్నట్టే, మనకు లెనార్డ్ మన్ సర్వే పటాలున్నాయి. మూసీ వరద తర్వాత 1912-15 మధ్య నగరాన్ని సందుసందునా కొలిచి గీసినవవి. నడిచే దారి ఆ పటం మీద చూపిస్తే, నూరేళ్ల కిందటి నగరం కాళ్లకింద కదులుతుంది.

కథలకూ కొదవలేదు. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఓ చింతచెట్టుంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరాన్ని ముంచెత్తినప్పుడు, దాదాపు 150 మంది దాని కొమ్మలు పట్టుకుని ప్రాణాలు దక్కించుకున్నారు. మందుల చీటీ పట్టుకుని ఆ దారిన వెళ్లేవాళ్లలో ఆ సంగతి ఎందరికి తెలుసు? చెట్టు కింద నిలబడి నీళ్లు ఎంతెత్తున వచ్చాయో వింటే, ఆ తర్వాత ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ ఎందుకు కట్టారో ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

అయితే ఆ కథ ఇంగ్లిషులో మాత్రమే ఉంటే ప్రయోజనం లేదు. తెలుగులో ఉండాలి, ఉర్దూలో ఉండాలి, అందులోనూ పాతబస్తీ దక్కనీ యాసలో ఉండాలి. చార్మినార్ కట్టిన సంవత్సరం 1591 అని ఏ పుస్తకమైనా చెబుతుంది. లాడ్‌బజార్‌లో లక్క గాజులు చేసే కుటుంబం ముచ్చట్లు పుస్తకాల్లో దొరకవు, ఆ ఇంటి పెద్దావిడే చెప్పాలి. వరంగల్ అయినా, విజయవాడ అయినా, రాజమహేంద్రవరం అయినా అంతే. ప్రతి ఊళ్లోనూ ఓ పాత వీధి ఉంటుంది, దాన్ని ఎరిగిన ఓ ముసలి గొంతు ఉంటుంది.

ఆ గొంతును దాచడానికి కోట్లు అక్కర్లేదు. సెల్‌ఫోన్‌లోని రికార్డర్ చాలు. సెలవుల్లో పిల్లలు తాతయ్యతో కలిసి ఊళ్లో నడుస్తూ, ‘ఇక్కడ ఏముండేది తాతయ్యా?’ అని అడిగి రికార్డు చేయొచ్చు. చోటు పేరూ తేదీ రాసి దాచుకోవచ్చు. యాప్ అంటారా... వచ్చే ఏడాదైనా చేసుకోవచ్చు. తాతయ్య మాటల్ని మాత్రం ఇప్పుడే దాచుకోవాలి.