మోటారు బండి తీగలకు ఎలుకల బెడద

ఉదయము బడికి బయలుదేరు వేళ తండ్రిగారు కారు తాళము త్రిప్పుదురు. ఇంజను కదలదు. కదలినను చక్రము ముందరి పలకపై ఎఱ్ఱదీపములు వెలుగును. మెకానిక్కు వచ్చి బానెటు ఎత్తి చూడగా తీగలు తెగియుండును. ప్రక్కనే కొంచెము దూది, గడ్డిపోచలు, నాలుగు నల్లని పెంటికలు. "ఇది ఎలుక పని" అని యతడు చెప్పును. కోవిల్‌పట్టి, విరుదునగరము ప్రాంతములలో కారో, వ్యానో, ట్రాక్టరో గల ఇండ్ల వారికి ఈ కథ క్రొత్తది కాదు. ఈ బెడద ఎందులకు కలుగుచున్నదో, దానిని తొలగించు మార్గమేదో తెలిసికొందము.

ఎలుక తీగను కొఱుకుట ఎందులకు?

ఎలుక ఆకలిచే తీగను తినుచున్నదని పలువురు తలంతురు. అది సరి కాదు. ఎలుక ముందరి పండ్లు నాలుగును బ్రతికినంత కాలము పెరుగుచునే యుండును. ఆ పెరుగుదల సంవత్సరమునకు నాలుగైదు అంగుళములు. వానిని అరగదీయనిచో నోరు మూయుటకే వీలుండదు. ఆ పంటి ముందు వైపున మాత్రమే గట్టి పింగాణి పొర యున్నది. వెనుక భాగము మెత్తన. కావున వెనుక భాగము త్వరగా అరిగి, పన్ను ఎల్లప్పుడును ఉలి వలె పదునుగా నుండును. ఆ పింగాణి రాగి కంటె గట్టిది. ఇట్టి పంటికి తీగపై నున్న ప్లాస్టిక్ తొడుగు ఒక లెక్కయా?

ఈ మధ్య కార్ల తీగల తొడుగులలో సోయాచిక్కుడు నుండి తీసిన పదార్థములు కలియుటచే ఎలుకలు వచ్చుచున్నవని యొక వాదము బయలుదేరినది. అమెరికాలో కొందరు యజమానులు ఈ మాట మీద న్యాయస్థానములకు గూడ ఎక్కిరి. కాని సోయా ఎరుగని పాత తీగలను, చెక్క తలుపులను, సబ్బు బిళ్ళలను గూడ ఎలుక కొఱుకుట మన ఇండ్లలో ఎల్లవారును చూచినదే.

అట్లయిన ఎలుక కారులోనికే వచ్చుట ఎందులకు? తిరిగి వచ్చిన కారు ఇంజను కొన్ని గంటల వరకు వెచ్చగా నుండును. అచట చీకటి కలదు; బానెటు క్రింది మెత్తని పొర గూటికి పరుపగును. ఎలుకకు అది చక్కని పురిటిల్లు. తీగలు ఆ ఇంటిలో దానికి పంటి పనికై దొరకిన వస్తువులు మాత్రమే. కావున ఈ వ్యాధికి మందు తీగలో లేదు, మన వాకిటిలో నున్నది.

మన నేల, మన ఎలుకలు

మనది నల్లరేగడి నేల. తమిళమున కరిసల్ అందురు. పురట్టాసి, ఐప్పసి మాసములలో వానను నమ్మి మినుము, పెసర, సజ్జ, జొన్న, మొక్కజొన్న, ప్రత్తి విత్తుదుము. తై మాసము నాటికి కోతలు సాగును. అప్పుడు చేలలో తిండి తరిగి, కళ్ళములోను ఇంటిలోను పెరుగును. ఎలుకయు తిండి వెంట ఊరిలోనికి నడచును. విరుదునగరము పప్పులకు, నూనెలకు, మిరపకాయలకు పేరు పొందిన వర్తక స్థలము. కోవిల్‌పట్టి వేరుసెనగ మిఠాయికి 2020లో భౌగోళిక గుర్తింపు లభించినది. తిండి గింజల గిడ్డంగులున్న చోట ఎలుకలుండుట సహజము.

ఎలుకలన్నియు ఒకటి కావు. గోడలను, గొట్టములను ఎక్కి ఇంజనులోనికి చేరునది తరచుగా ఇంటి ఎలుక. చుంచెలుకయు, ఉడుతయు గూడ ఈ పని చేయును. నేలను త్రవ్వి గాదెల క్రింద బొరియలు చేయునది పందికొక్కు; తమిళులు దీనిని పెరుచ్చాళి యందురు. మన తెలుగు మాటయే ఆంగ్లేయుల నోట బాండికూట్ అయినది. జంతుశాస్త్రజ్ఞులు పెట్టిన బాండికోటా యను పేరును దాని నుండియే పుట్టినది. ఆస్ట్రేలియాలో దీనితో చుట్టరికము లేని, కడుపున సంచి గల యొక జంతువునకు గూడ తెల్లవారు ఈ పేరే పెట్టిరి. బడిలో తప్ప బయట ఎక్కువగా వినబడని మన మాట, అమ్మమ్మ నోటి మాట, ప్రపంచ నిఘంటువులకు ఎక్కినదని పిల్లలు గుర్తుంచుకొందురు గాక.

దీనివలన కలుగు కీడు

నష్టము డబ్బుతో పోవునది కాదు. తొడుగు పోయిన రెండు తీగలు తాకినచో నిప్పురవ్వ పుట్టును. పెట్రోలు గొట్టము గూడ కొఱుకబడినచో బండి మండును. చక్రముల వేగమును గమనించు తీగ తెగినచో బ్రేకుల సాయము తగ్గును. అర్ధరాత్రి రోగిని మధురకు తీసికొని పోవు కారునకు దీపములారిన గతి యేమి? మన ఊళ్ళలో అగ్గిపెట్టెలను మోయు వ్యాన్లు, శివకాశి బాణసంచాను మోయు లారీలు నిత్యము తిరుగుచుండును. అట్టి బండిలో ఒక్క రవ్వ చాలును.

చేయవలసిన పనులు

మొదటిది, తిండిని తొలగించుట. ధాన్యము, ప్రత్తిగింజలు, తెలకపిండి మూటలను కారు షెడ్డులో నుంచరాదు. మూత గల రేకు డబ్బాలలో నుంచవలెను. పిల్లలు సీట్ల క్రింద వేరుసెనగ పలుకులను, టిఫిను మెతుకులను రాల్చరాదు. కుక్కకు పెట్టిన అన్నము రాత్రి వాకిట మిగులరాదు.

రెండవది, దాగు చోటులను తొలగించుట. కట్టెల మోపులు, చొప్ప వాములు, పాత టైర్లు కారునకు దూరముగా నుండవలెను. చిటికెనవ్రేలి మందము కన్నములో చుంచెలుక దూరగలదు. కన్నములను సిమెంటుతో పూడ్చి, గాలి సందులకు పావు అంగుళపు కన్నుల ఇనుప వల బిగింపవలెను.

మూడవది, బండిని కదల్చుట. వారముల తరబడి నిలిచిన బండియే ఎలుకకు స్థిరమైన ఇల్లు. నిత్యము నడపలేనిచో రెండు మూడు దినములకొకసారి యైనను బానెటు ఎత్తి చూడవలెను. గూడు కనబడినచో చేతి తొడుగులు వేసికొని, ముక్కునకు గుడ్డ కట్టుకొని తీసి, సబ్బుతో చేతులు కడుగుకొనవలెను. ఎలుక మూత్రము వలన లెప్టోస్పైరోసిస్ అను జ్వరము వచ్చును.

నాలుగవది, బోను. ఎలుక గోడనంటి పరుగెత్తును; బోనును గోడ ప్రక్కనే పెట్టవలెను. క్రొత్త వస్తువును అది అనుమానించును. కావున రెండు మూడు రాత్రులు ఎర పెట్టి తలుపు పడకుండ కట్టియుంచి, తరువాత బోనును సిద్ధపరచవలెను. కాల్చిన కొబ్బరి, వేరుసెనగ, ఎండుచేప మంచి ఎరలు.

ఐదవది, తీగలకు రక్షణ. తీగలపై గట్టి గొట్టపు తొడుగులు వేయింపవచ్చును. మిరపకాయలోని కారపు పదార్థమును పట్టించిన టేపును జపాను దేశపు హోండా సంస్థ అమ్ముచున్నది. ఆ కారము పక్షులకు తెలియదు, ఎలుకకు తెలియును. ఇది ఒక సాయమే కాని పూర్తి రక్షణ కాదు. పని తెలిసిన మెకానిక్కు చేతనే చేయింపవలెను. విద్యుత్తుతో నడచు కార్లలో నారింజ రంగు తీగలను ఎవరును తాకరాదు. వానిలో ప్రాణము తీయు విద్యుత్తు ప్రవహించును.

చేయరాని పనులు

కలరా ఉండల వాసన కొలది దినములలో పోవును. ఆ ఆవిరి కారులోనికి వచ్చి పసిబిడ్డలకు కీడు చేయును. చెవికి వినరాని ధ్వని చేయు యంత్రములకు ఎలుకలు త్వరలోనే అలవాటుపడును. అన్నిటికంటె అపాయకరమైనది విషము. పచ్చ భాస్వరము కలిసిన ఎలుకల మందు కాలేయమును పాడుచేయును; దానికి విరుగుడు లేదు. అట్టి మందును ఇంట నుంచనే రాదు. పొరపాటున ఎవరైన నోట పెట్టుకొన్నచో, బాధ లేకున్నను వెంటనే ఆసుపత్రికి పోవలెను. మొదటి దినము బాగుగా నుండి తరువాత ప్రాణము పోయినవారు కలరు. విషము తిన్న ఎలుకను తినిన పిల్లియు, గుడ్లగూబయు చచ్చును. ఎలుకలను తగ్గించు స్నేహితులు అవే కదా! గుడ్లగూబను అపశకునమని రాళ్ళతో కొట్టుట మన కీడును మనమే తెచ్చుకొనుట.

తీగలు తెగియున్నచో, పెట్రోలు వాసన వచ్చుచున్నచో, ఇంజనును నడపరాదు. తెగిన తీగలను మెలిపెట్టి అంటింపు పట్టీ చుట్టి సరిపెట్టరాదు.

విద్యార్థులారా! కారు నడపుట మీ వంతు కాదు. కాని వాకిలిని శుభ్రముగా నుంచుట, మెతుకు రాల్పకుండుట, ఉదయము బానెటు ఎత్తి చూడుడని తండ్రిగారికి గుర్తుచేయుట మీ చేతిలోని పనులు. ఈ ఆదివారము ఇంటిలోని కన్నములను లెక్కించి చూడుడు. వానిని పూడ్చిన ఇంట తీగలు నిలుచును, గింజలును నిలుచును.