ప్రత్యేకింపబడుట అంటే ఏమిటి?



"విశ్వాసులు వేరుగా ఉండాలి కదా సిస్టర్! మరి హెచ్.ఐ.వి. ఉన్నవారితో ఒకే పాత్రలో ప్రభువు బల్ల ఎలా తీసుకోవాలి?" అని కొందరు వార్డులో అడుగుతుంటారు.

ఆపరేషన్ థియేటరులో వాడే కత్తెరలను శుభ్రంగా కడిగి, గుడ్డలో చుట్టి, ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల ఆవిరిలో 30 నిమిషాలు ఉంచుతాము. తరువాత వాటిని వట్టి చేతులతో ఎవరూ ముట్టరు. ఇంత జాగ్రత్త బీరువాలో దాచడానికి కాదు, రోగి గాయం దగ్గర వాడడానికే. ప్రత్యేకింపబడిన జీవితం కూడా ఇలాంటిదే.

దానియేలు రాజు భోజనాన్ని, ద్రాక్షారసాన్ని వద్దనుకున్నాడు గాని ఆ రాజు కొలువు మానలేదు. లేవీయకాండము 13వ అధ్యాయం ప్రకారం పాళెము వెలుపల ఉండవలసిన కుష్ఠరోగిని యేసు ప్రభువు చెయ్యి చాపి ముట్టాడు. శిష్యులను లోకంలోనుండి తీసుకుపొమ్మని ఆయన తండ్రిని అడగలేదు, దుష్టుని నుండి కాపాడమని అడిగాడు (యోహాను 17).

మనం వేరుగా ఉండవలసింది సారా, గుట్కా, లంచం, కట్నం వంటి వాటినుండి. (కట్నం సంగతి మాత్రం పెళ్లిళ్లప్పుడు ఎవరికీ గుర్తు రాదు!) రోగుల నుండి కాదు. హెచ్.ఐ.వి. కలిసి తినడం వలన గాని, ఒకే పాత్రలో త్రాగడం వలన గాని, కౌగిలించుకోవడం వలన గాని రాదు.

క్షయ వేరు, అది దగ్గుతో గాలిలో వ్యాపిస్తుంది. అక్కడ కూడా కంచం, గ్లాసు విడిగా పెట్టనవసరం లేదు. రోగి దగ్గేటప్పుడు నోటికి గుడ్డ అడ్డం పెట్టుకోవాలి, ఇంటి కిటికీలు తెరిచి ఉంచాలి, డాక్టరు చెప్పేవరకు మందులు ఆపకూడదు.